కలంకారీ గుడ్డ మీద మామిడి రైతు గోడు వేస్తే తప్పా?

స్వర్ణముఖి_కలం
మాది శ్రీకాళహస్తి. చేతి కలంకారీ పని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. దశావతారాలు, కల్పవృక్షం, పార్వతీ కల్యాణం, ఇవే మా ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్నాయి. వాటి మీద నాకు చిన్నచూపు లేదు.

2025 వేసవిలో చిత్తూరు వైపు పనిమీద వెళ్తే గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. కాయ పండిపోయి రసం కారుతోంది. రైతులు ఆ కాయల మీదే పడుకుని ఉన్నారు. కొనేవాడు లేక కొందరు రోడ్డు పక్కన పారబోశారు. ఇంటికొచ్చి ఆ కథే గీయడం మొదలుపెట్టాను. నడుమ పెద్ద గడిలో ట్రాక్టర్ మీద రైతు. చుట్టూ చిన్న గడులు: పూత, మందు కొట్టడం, కోత, టోకెన్ కోసం నిలబడటం, కాటా, ఫ్యాక్టరీ గేటు, పారబోసిన కాయ. అంచు పొడవునా తెలుగులో కథ రాయాలని చోటు వదిలాను.

ఒక మేళాకి తీసుకుపోతే ఎంపిక చేసేవాళ్లు "పనితనం చాలా బాగుంది, ఆ గేటు, పారబోసిన కాయ ఉన్న గడులు తీసేసి ఇవ్వండి, రాజకీయం మాకొద్దు" అన్నారు. గుడ్డ మడిచి వెనక్కి తెచ్చుకున్నాను. ఇన్ని నెలలు దీని మీద పెట్టావు, ఆ టైంలో నాలుగు దేవుడి గుడ్డలు అయ్యేవి కదా అని ఇంట్లో గొడవ.

ఇక్కడ కళ తెలిసినవాళ్లు, రైతులు ఇద్దరూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. కలంకారీలో ఇట్లాంటివి వేయడం తప్పా? వేస్తే ఎవరికి చూపించాలి? చూపిస్తే ఏమైనా ఒరుగుతుందా?

పాకాల_పాండు
తప్పేముందన్నా. ముందు ఫోటో పెట్టు.

ఆచారం_ముఖ్యం
నా మాట కటువుగా ఉంటే క్షమించండి. కాళహస్తి కలంకారీ గుడిలో పుట్టింది. దేవుడి వెనక తెరగా, రథానికి అలంకారంగా, గుడికొచ్చినవాళ్లకి పురాణం చెప్పే బొమ్మగా బతికింది. 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే ఆ సంప్రదాయానికే వచ్చింది. ట్రాక్టర్లూ ఫ్యాక్టరీ గేట్లూ గీయాలంటే కాన్వాస్ ఉంది, గోడ ఉంది. ఈ గుడ్డే ఎందుకు? రేపు ఇంకొకరు తమ పార్టీ జెండా గీస్తారు, ఎల్లుండి నాయకుడి బొమ్మ గీస్తారు. ఒకసారి తలుపు తీస్తే మూయలేం.

అద్దకం_అక్క
ఆచారం గారూ, గుడిలో పుట్టిందన్నది నిజం, గుడిలోనే ఉండిపోయిందన్నది నిజం కాదు. మన తీరం నుంచి అద్దకం గుడ్డలు డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఓడల్లో తీసుకుపోయారు. వాళ్ల ఇళ్లలో పరుపుల మీదికి, గోడల మీదికి ఏ పువ్వు కావాలంటే ఆ పువ్వు వేసి ఇచ్చారు మనవాళ్లు. తర్వాత మిల్లు గుడ్డ దెబ్బకి పని పడిపోయింది. 1950లలో చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ పూనుకున్నాక కాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చి మళ్లీ ఊపిరి పోసుకుంది. అక్కడి నుంచి వచ్చిన తరమే జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారి లాంటివాళ్లు. ఆయనకి 2008లో పద్మశ్రీ వచ్చింది.

క్రీస్తు కథ కూడా ఇదే కలంతో వేశారు. అప్పుడు గుడ్డ మైలపడలేదు. రైతు కథ వేస్తే ఎందుకు పడుతుంది?

ఆచారం_ముఖ్యం
క్రీస్తు కథ కూడా భక్తి కథే కదమ్మా. నేను మతం గురించి మాట్లాడటం లేదు, భక్తి గురించి మాట్లాడుతున్నా.

మామిడితోట_తవణంపల్లె
నేను రైతుని. ఆ వరుసలో నేనూ ఉన్నాను. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

తోతాపురి తినడానికి కొనే కాయ కాదు. గుజ్జుకే పోవాలి. అంటే మా కాయకి ఫ్యాక్టరీ తప్ప వేరే దారి లేదు. వాళ్లు గేటు మూస్తే కాయ చెట్టు మీద ఆగదు, కోస్తే రెండు మూడు రోజులకి మించి ఆగదు. ఈ సంగతి వాళ్లకి తెలుసు. ఆ ఏడాది కాపు ఎక్కువ. అంతకు ముందు సంవత్సరం గుజ్జే అమ్ముడుపోక నిల్వ ఉందన్నారు. ప్రభుత్వం కిలోకి 12 రూపాయలు అందాలంది. అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇస్తుంది. మేము కాయ దించిన చోట మాత్రం 8 ఇస్తామని ఒక్కరూ కాగితం మీద రాసివ్వలేదు. దించి పో, తర్వాత చూద్దాం అన్నారు. కోత కూలి, బండి బాడుగ ముందే చేతి నుంచి కట్టాను.

మా గురించి పేపర్లో వచ్చింది, టీవీలో వచ్చింది. ప్రతి పార్టీవాళ్లూ వచ్చి పోయారు. కానీ ఒక ఏడాది తిరిగేసరికి ఆ వార్తలన్నీ ఎక్కడికి పోయాయి? మళ్లీ పూత వచ్చేసరికి ఎవరికీ గుర్తులేదు. గుడ్డ మీద ఉంటే గుర్తుంటుంది. ఆ గేటు గడి తీయొద్దు తమ్ముడూ. అది తీస్తే మా కథలో ఏముంది, పూత పూసింది కాయ కాసింది అని చెప్పి ఇంటికి పోవడమేనా?

పాకాల_పాండు
అన్నా, 12 వచ్చిందా చివరికి?

మామిడితోట_తవణంపల్లె
ప్రభుత్వం 4 ఖాతాలో పడింది. ఫ్యాక్టరీ వాటా మాత్రం 8 కాదు. అంతకంటే తక్కువే చేతికొచ్చింది, అది కూడా చాలా తిప్పించుకున్నాక.

రాతిబుర్ర
రైతన్న బాధ అర్థమవుతోంది. నా ప్రశ్న బొమ్మ గురించే. బొమ్మ వల్ల ఏ రేటు పెరిగింది ఈ దేశంలో? స్పెయిన్ యుద్ధంలో బాంబులు పడి నాశనమైన ఊరి మీద పికాసో అంత పెద్ద గెర్నికా బొమ్మ గీశాడు, 1937లో. రెండేళ్లు తిరక్కుండానే ఆ యుద్ధంలో నియంత ఫ్రాంకో గెలిచాడు, దశాబ్దాల పాటు ఏలాడు. ఏసీ హాల్లో నాలుగు రోజులు వేలాడదీస్తారు, చూసినవాళ్లు అయ్యో అంటారు, సెల్ఫీ తీసుకుంటారు. గీసినవాడికి పేరు, రైతుకి అదే వరుస.

ఇంట్లో వాళ్లు చెప్పిందాంట్లో న్యాయం ఉంది. దేవుడి గుడ్డలు వేసి ఆ డబ్బులో కొంత రైతు సంఘానికి ఇస్తే ఎక్కువ ఉపయోగం.

చదువరి_తిరుపతి
గెర్నికా యుద్ధాన్ని ఆపలేదు, నిజమే. కానీ అది హాల్లో కూర్చున్న బొమ్మ కాదండీ. స్పెయిన్ కాందిశీకులకి సాయం కోసం దేశదేశాలు తిప్పారు. 1939లో లండన్‌లో వైట్‌చాపెల్ గ్యాలరీలో పెట్టినప్పుడు ప్రవేశానికి టికెట్ కింద స్పెయిన్‌కి పంపడానికి ఒక జత బూట్లు ఇమ్మన్నారు. బొమ్మ ముందు బూట్లు పోగుపడ్డాయి. మా దేశంలో ప్రజల స్వేచ్ఛ తిరిగొచ్చేదాకా ఈ బొమ్మ అక్కడికి పోకూడదని పికాసో షరతు పెట్టాడు. 1981లో గాని పోలేదు. అంతకాలం ఆ బొమ్మ బయట ఉండటమే ఫ్రాంకో మీద ఒక ఫిర్యాదు.

మన దేశంలోనూ ఉంది. 1943 బెంగాల్ కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్ మేదినీపూర్ ఊళ్లు నడిచి తిరిగి ఆకలి చావులు గీశాడు. పుస్తకంగా అచ్చేస్తే బ్రిటిష్ ప్రభుత్వం ప్రతులు పట్టుకుని తగలబెట్టించింది. ఏ పనీ చేయని బొమ్మ అయితే తగలబెట్టాల్సిన అవసరం ఏముంది?

రాతిబుర్ర
తగలబెట్టారంటే భయపడ్డారని. భయపడ్డారంటే కరువు ఆగిందని కాదు. నేను అడిగేది రెండోది.

పీలేరు_టీచర్
రాతిబుర్ర గారి ప్రశ్న గట్టి ప్రశ్న. నాకు తెలిసిన ఉదాహరణ చెప్తాను.

1990లలో అక్షరాస్యత ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా తిరిగాయి. నేను అప్పుడు కుర్ర వాలంటీర్‌ని. డప్పు, పాట, చిన్న నాటిక. సాయంత్రం పని నుంచి వచ్చిన ఆడవాళ్లు కాళ్లు కూడా కడుక్కోకుండా వచ్చి కూర్చునేవాళ్లు. పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. రాత్రి బడిలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ల పాఠం చదివారు, చదివి వాళ్ల ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో మొత్తం మద్యనిషేధం.

ఒక పాఠం, ఒక బొమ్మ, ఒక పాట. వాటికి ముందు కూడా తాగుడు బాధ ఉంది, ఏడుపు ఉంది. ఎవరింట్లో వాళ్లు ఏడ్చుకున్నారు. పదిమందిలో చదివాక ఇది నా ఇంటి బాధ కాదు, ఊరి బాధ అని తెలిసింది.

రాతిబుర్ర
టీచర్ గారూ, ఆ గెలుపు దుకాణం ముందు కూర్చున్న ఆడవాళ్లది. పాఠానికి ఇచ్చేస్తే వాళ్లకి అన్యాయం. పైగా 1997లో మద్యం మళ్లీ వచ్చేసింది.

పీలేరు_టీచర్
గెలుపు వాళ్లదే, అందులో అనుమానం లేదు. పాఠం వాళ్లని కలిపింది అంటున్నా, అంతే. మద్యం తిరిగి రావడం గురించి మీరన్నది బాధాకరమైన నిజం. కలిపిన సంఘాలు చెదిరిపోయాక పాట ఒక్కటే నిలబెట్టలేకపోయింది.

అద్దకం_అక్క
అందుకే గుడ్డ వెనక సంఘం ఉండాలి. ఈ ముక్క స్వర్ణముఖి తమ్ముడు గుర్తుపెట్టుకోవాలి. గ్యాలరీ కాదు, రైతు సంఘం దగ్గరికి పో.

గంగమ్మగడ్డ
ఇంత చర్చలో తిరుపతివాళ్లు తాతయ్యగుంట గంగమ్మని మరిచిపోతే ఎట్లా!

రాజకీయం మాకొద్దు అన్న మేళావాళ్లు మా జాతరకి వచ్చి చూడాలి. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడిని గంగమ్మ వేషాలు మార్చుకుంటూ వెతికి దొర వేషంలో పట్టుకుని చంపింది. జాతర కథంతా ఇదే. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, ఇట్లా రోజుకో వేషం. బండ వేషం రోజు ఎవరినైనా తిట్టొచ్చు, ఎంత పెద్దవాడైనా నోరు మూసుకుని పోవాలి. మగవాళ్లు చీర కట్టుకుని, జడ వేసుకుని వీధిలో నడుస్తారు. నేను చిన్నప్పటి నుంచీ వేస్తున్నా. ఆడవాళ్ల మీద చెయ్యేసిన అధికారికి ఏం గతి పడుతుందో ఏటా ఒకసారి ఊరంతా నడివీధిలో ఆడి చూపిస్తాం. అది భక్తి కాదా? అది రాజకీయం కాదా? రెండూ.

ఆచారం_ముఖ్యం
గంగమ్మ జాతర అమ్మవారి మొక్కు. మొక్కు తీర్చుకోవడానికి వేషం వేస్తారు గాని ఎవరినో మార్చడానికి కాదు.

గంగమ్మగడ్డ
మొక్కే సామీ. కానీ ఆ మొక్కు పాలెగాడి పక్షాన మొక్కింది కాదు కదా.

భారతం_మిట్ట
గంగమ్మగడ్డ అన్నట్టే మా వైపు భారతం. ద్రౌపది గుడి దగ్గర పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. ఆఖరి రోజు మట్టితో అంత పొడుగు దుర్యోధనుడిని చేసి పడుకోబెడతారు, భీముడు తొడ మీద కొడతాడు. మా తాత ద్రౌపది వేషం కట్టేవాడు. సభలో ద్రౌపది అడిగే ప్రశ్నల దగ్గర ఆ ఏడు ఊళ్లో జరిగిన అన్యాయాన్ని కలిపేసేవాడు. చెరువు నీళ్లు పెద్ద రైతులే మళ్లించుకున్న ఏడు "సభలో పెద్దలుండగా నా వాటా ఎవరు తీసుకున్నారు" అని అడిగాడట. చెరువు పెద్దలు ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. ఎవరూ నాటకం ఆపమనలేదు, ద్రౌపదిని ఆపేదెవరు?

స్వర్ణముఖి అన్నా, నీ గుడ్డలో కూడా పురాణం నుంచి ఒక దారి పెట్టు. గేటు దగ్గర కౌరవ సభ అనుకో.

పుత్తూరు_పిల్ల
నాకు ఆ సలహా నచ్చలేదు. పురాణం చాటున చెప్తే అందరూ తల ఊపి పోతారు. దుర్యోధనుడు వేరే ఎవరో అనుకుంటారు. ట్రాక్టర్ అంటే ట్రాక్టర్ అనే గీయాలి. నేను ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నా. క్లాసులో నా బొమ్మలో దళితులకి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల టీ కొట్టు గీస్తే ఇప్పుడెక్కడున్నాయమ్మా ఇవన్నీ అన్నారు. మా అమ్మమ్మ ఊళ్లో నేను చూశాను. దాన్ని ఏ పురాణంలో దాచాలి?

భారతం_మిట్ట
దాచమనలేదు చెల్లెమ్మా, జనం కళ్లకి అలవాటైన దారిలో తీసుకుపొమ్మన్నా. నీ రెండు గ్లాసులు మాత్రం అట్లాగే గీయి, అందులో నీ మాటే కరెక్టు.

స్వర్ణముఖి_కలం
అందరికీ దండాలు. ఇంత రాస్తారనుకోలేదు. మధ్యలో ఒక సంగతి చెప్పాలి, భారతం_మిట్ట అన్నదానికి దగ్గరగా ఉంది.

చింత బరికె బొగ్గుతో మొదట గీసినప్పుడు ట్రాక్టర్ ఎంతకీ కుదరలేదు. మా గీతకి ఇనుప బండి అలవాటు లేదు. పాత గుడ్డల్లో రథం చక్రాలు ఎట్లా వేస్తారో అట్లా వేశాక కూర్చుంది. గుర్రాలు లేవు గాని చక్రం, ధ్వజం ఉండే చోట పొగగొట్టం, తొట్టి నిండా కాయలు. రైతు కళ్లు కూడా మా పద్ధతి పెద్ద కళ్లే. పురాణం బొమ్మలు వేయడం వచ్చిన చేతికి ఆ ట్రాక్టర్ దానంతటదే రథం అయింది. నేను దాచడానికి చేసింది కాదు.

రంగుల్లో కూడా ఆలోచించాను. నలుపు మాకు తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో వస్తుంది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఆ కలం పెడితే గీత నల్లబడుతుంది. ఎరుపుకి పటిక పెట్టి మంజిష్ఠలో ఉడికించాలి. పసుపు కరక్కాయ పువ్వు నుంచి. మామిడి పండుకి ఆ పసుపే వేశాను. పారబోసిన కాయకి మాత్రం పసుపు మీద పల్చగా నలుపు. చాలామంది కొనేవాళ్లకి ఇప్పుడు స్క్రీన్ ప్రింట్‌కీ చేతి గుడ్డకీ తేడా తెలియడం లేదు. ఈ గుడ్డని అట్లా అచ్చు గుద్దడం కుదరదు.

పాకాల_పాండు
ట్రాక్టర్ రథం అయితే సారథి ఎవరన్నా? మా మామ అయితే ఏ యుద్ధమైనా ఓడినట్టే, రివర్స్ గేరు పడదు ఆయనకి.

మామిడితోట_తవణంపల్లె
మీ మామని మా తోటకి పంపు పాండూ, నేర్పిస్తా.

అమ్మకం_లెక్క
అందరూ మనసు గురించి రాస్తున్నారు, నేను కడుపు గురించి రాస్తా. మా కుటుంబానికి తిరుపతిలో చేనేత, కలంకారీ షాపు ఉంది. కొండకొచ్చిన యాత్రికులు ఇంటికి తీసుకెళ్లేది వేంకటేశ్వరుడిని, గణపతిని. రైతు బాధ ఉన్న గుడ్డ గోడకి ఎవరు పెట్టుకుంటారు? స్వర్ణముఖి తమ్ముడికి పిల్లలు ఉంటే వాళ్ల ఫీజులు ఉంటాయి. దేవుడి గుడ్డలు ఆపొద్దు. ఇది పక్కన నెమ్మదిగా వేసుకో. అమ్మకానికి పెట్టకు, అమ్ముడుపోలేదని మనసు విరిగిపోతుంది.

దూరదేశి
అమ్మకం_లెక్క అన్నా, బాధ ఉన్న గుడ్డ కొనేవాళ్లు ఉన్నారు. చిలీ దేశంలో 1973లో సైన్యం అధికారం లాక్కున్నాక వేలమందిని ఎత్తుకుపోయారు, చాలామంది ఏమయ్యారో తెలియలేదు. వాళ్ల తల్లులు, భార్యలు చర్చి నీడన ఒకచోట చేరి గోనెగుడ్డ మీద పాత బట్టల ముక్కలు అతికి కుట్టి బొమ్మలు చేశారు. వాటిని అర్పియేరా అంటారు. పోయినవాళ్ల చొక్కా ముక్కలే కొన్నింటిలో ఉండేవి. జైలు, ఖాళీ కుర్చీ, నీళ్ల కొళాయి దగ్గర వరుస, వెనక ఆండీస్ కొండలు. దేశం దాటించి బయట అమ్మితే వాళ్ల ఇళ్లు గడిచాయి, అక్కడ ఏం జరుగుతోందో ప్రపంచానికి తెలిసింది.

ఇక్కడ నేనున్న ఊళ్లో ఒక మ్యూజియంలో ఒకటి చూశాను. అరచేతుల్లో పట్టేంత చిన్నది. కదలబుద్ధి కాలేదు.

ఎర్రచెట్టు
మామిడి గురించి వేశావు, సంతోషం. మరి ఎర్రచందనం? ఈ చెట్టు మన శేషాచలం చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా ఎక్కడా పెద్దగా పెరగదు. 2015 ఏప్రిల్ 7న ఆ అడవిలో ఎర్రచందనం దొంగరవాణాని ఆపే టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. దుంగలకి కోట్లు ఇచ్చేవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. మన జిల్లాలో ఎంతమంది చిత్రకారులున్నారు, ఒక్కరైనా వేశారా? నేను చూడలేదు.

రాతిబుర్ర
అది వేస్తే స్మగ్లర్లకి వత్తాసు అంటారు. చెట్టు కొట్టడం నేరమే కదా.

ఎర్రచెట్టు
నేరానికి కోర్టు ఉంది. నేను చెట్టు కొట్టేవాడి పక్షం కాదు, చెట్టు పక్షమే. మా నాన్న అటవీశాఖలో వాచర్‌గా చేశాడు, దొంగల చేతిలో దెబ్బలు తిన్నాడు. ఆయనే అన్నాడు, అడవిలో దొరికేది ఎప్పుడూ భుజం మీద మోసేవాడే, మోయించేవాడు ఏనాడూ దొరకడు అని. ఒకే గుడ్డ మీద మా నాన్నా ఉండాలి, ఆ కూలీ ఉండాలి, నరికిన మొద్దు ఉండాలి, ఓడలో పోతున్న దుంగ ఉండాలి. అట్లా గడులు గడులుగా చెప్పడం కలంకారీకి వచ్చినంత బాగా ఫోటోకి రాదు.

స్వర్ణముఖి_కలం
ఎర్రచెట్టు అన్నా, ఆ ఆలోచన నాకూ ఉంది. కానీ వాళ్ల ఊళ్లకి పోకుండా, ఇంటివాళ్లతో మాట్లాడకుండా గీయలేను. తిరువణ్ణామలై వైపు తెలిసినవాళ్లు ఉన్నారు. మీ నాన్నగారితో కూడా కూర్చోవాలని ఉంది. దాని గురించి విడిగా మాట్లాడదాం.

లోపలి_గది
చాలాసేపు చదివి రాస్తున్నా. నేను సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తాను. కాయ కడగడం, కోయడం, టెంక తీయడం. మా బ్యాచ్‌లో అందరం ఆడవాళ్లమే. పనంతా నిలబడే. చేతులు కాయ పాలకి, రసానికి ఒరిసిపోతాయి. మామిడి జీడి తగిలి మొహం మీద మచ్చలు వస్తాయి.

రైతన్న గేటు బయట ఉన్న రోజుల్లో మేము గేటు లోపల ఉన్నాం. కాయ ఆపేస్తే మాకూ కూలి లేదు. మా ఆయన తమ్ముడు రెండెకరాల తోతాపురి రైతు, బయట వరుసలో ఆయనా ఉన్నాడు. గేటు అంటే అందరూ లోపల రాక్షసులు ఉన్నారనుకుంటున్నారు. మమ్మల్ని కూడా వేయండి.

మామిడితోట_తవణంపల్లె
అక్కా, మీరు రాసింది చదివి ఫోన్ పక్కన పెట్టేశాను కాసేపు. గేటు లోపల మా ఆడవాళ్లే ఉన్నారని మాకు తెలుసు. ఆ కోపంలో గుర్తురాదు.

గంగమ్మగడ్డ
మాతంగి వేషం ఇందుకే ఉంది. పాలెగాడిని చంపాక గంగమ్మ మాతంగిగా పోయి వాడి భార్యని ఓదార్చింది. కథ చంపడంతో ఆగిపోలేదు.

స్వర్ణముఖి_కలం
లోపలి_గది అక్కా, గేటు గడి పక్కన పైఅంచు దగ్గర ఖాళీ గడి ఉంది. అక్కడ పువ్వుల తీగ వేద్దామనుకున్నాను. ఇంకా పాలు, కరక్కాయ పట్టే ఉంది, గీత పడలేదు. మీరు నిలబడే చోటు, కాయ కోసే కత్తి, నెత్తికి కట్టుకునే గుడ్డ ఎట్లా ఉంటాయో చెప్పండి. మొహాలు ఎవరివీ గుర్తుపట్టేట్టు వేయను.

లోపలి_గది
కత్తి చిన్నదే. నెత్తికి టోపీ ఇస్తారు, చేతికి గ్లౌజులు ఇస్తారు గాని చిరిగిపోతాయి. బెంచీ పొడుగ్గా ఉంటుంది, ఇటు అటు ఎదురెదురుగా నిలబడతాం. మీరు గీసి పంపితే చూసి చెప్తాను.

పుత్తూరు_పిల్ల
గేటు మీద ఫ్యాక్టరీ పేరు రాస్తారా లేదా?

మామిడితోట_తవణంపల్లె
రాయాలి. పేరు లేకపోతే ఎవరికి తగలాలి?

చదువరి_తిరుపతి
రాయకపోవడమే మంచిదనిపిస్తోంది. ఒక పేరు రాస్తే అది ఒక ఫ్యాక్టరీ మీద ఫిర్యాదు అవుతుంది, నోటీసు వస్తుంది, చర్చంతా కోర్టు చుట్టూ తిరుగుతుంది. పేరు లేకపోతే ప్రతి గేటూ అదే. రేటు, తేదీ మాత్రం రాయండి. 12లో 8 ఎవరివి, 4 ఎవరివి అన్నది అంచు మీద ఉంటే చదివినవాళ్లకి లెక్క తెలుస్తుంది.

రాతిబుర్ర
ఇది బాగుంది. లెక్క ఉన్న బొమ్మ అయితే నాకు అభ్యంతరం తగ్గుతుంది. ఇంకా నమ్మకం కుదరలేదు గాని, ఎక్కడ పెడతారో చెప్పండి, వస్తాను. ఎంతమంది ఆగి చూస్తారో నా కళ్లతో చూడాలి.

అద్దకం_అక్క
దామలచెరువు మామిడి మండీ. సీజన్‌లో రైతులు, హమాలీలు, వ్యాపారులు, డ్రైవర్లు అందరూ అక్కడే. రెండు గుంజలు పాతి వేలాడదీసి, పక్కన నిలబడి కర్రతో గడి గడీ చూపిస్తూ కథ చెప్పాలి. పాత రోజుల్లో ఈ గుడ్డలతో చేసిందే అది.

భారతం_మిట్ట
కథ చెప్పేవాణ్ని నేను తెస్తా. మా వీధినాటకం జట్టులో హరిదాసు గొంతు ఉన్న కుర్రాడు ఉన్నాడు. హార్మోనియం కూడా వస్తుంది. డబ్బులు వద్దు, భోజనం చూసుకోండి.

మామిడితోట_తవణంపల్లె
భోజనం నాది. గుంజలు, తాడు కూడా. మా సంఘంవాళ్లకి చెప్పేశాను. ఈసారి కోతకి ముందే ఫ్యాక్టరీలతో రేటు కాగితం మీద రాయించుకోవాలని మీటింగు పెట్టుకుంటున్నాం, అది కూడా ఆ రోజే ఆ గుడ్డ ముందే పెడతాం.

అమ్మకం_లెక్క
ఎండలో రోజంతా వేలాడదీయొద్దు, సహజ రంగు వెలుస్తుంది. పందిరి వేయించండి. మా షాపు తరఫున పందిరి ఖర్చు ఇస్తా.

లోపలి_గది
ఆదివారం అయితే మా బ్యాచ్‌వాళ్లం రాగలం. మామూలు రోజు అయితే షిఫ్టు.

స్వర్ణముఖి_కలం
ఆదివారమే పెడదాం. ఇంట్లో కూడా చెప్పాను. మా ఆవిడ మీ అందరి పోస్టులూ చదివింది. స్వర్ణముఖి ఏట్లో నీళ్లు ఉన్నప్పుడే ఆఖరి ఉతుకు అయిపోవాలి అని తనే తొందరపెడుతోంది. అంచు మీద రాయాల్సిన కథ మాత్రం నాకు కుదరడం లేదు. వచనం రాస్తే అంచులో పొందికగా లేదు.

ఆచారం_ముఖ్యం
రాసింది నాకు పంపించండి. ద్విపదలో పెడితే అంచుకి సరిపోతుంది, పాడేవాడికీ బాగుంటుంది. ఛందస్సు నేను చూస్తాను. దేవుడి గుడ్డ వేరు, ఇది వేరు అన్న నా మాట నాకుంది, దాంట్లో మార్పు లేదు. ఎలాగూ వేస్తున్నారు కాబట్టి తెలుగు తప్పుల్లేకుండా ఉండాలి. పార్టీ గుర్తు మాత్రం ఏ గడిలోనూ, ట్రాక్టర్ మీద కూడా, కనపడకూడదు.

స్వర్ణముఖి_కలం
కనపడదు గురువుగారూ. ఈ రాత్రికే పంపిస్తాను.